గది శాఖదా, ఉమ్మడిదా? విశ్వవిద్యాలయ టైమ్‌టేబుల్‌కు ఏ పద్ధతి మేలు

సెమిస్టరు మొదలయ్యే ప్రతిసారీ మా ప్రాంగణంలో రెండు విషయాలు ఒకేసారి ఎదురయ్యేవి. గదులు చాలడం లేదని శాఖాధిపతులు లేఖలు పెట్టేవారు. అదే రోజు మధ్యాహ్నం మూడు దాటాక వరండాలో నడిచి చూస్తే సగం గదులకు తాళాలు వేలాడుతూ ఉండేవి. లేఖలూ నిజమే, తాళాలూ నిజమే. గోదావరి డెల్టాలోని ఒక కళాశాలలో కొన్నేళ్లపాటు టైమ్‌టేబుల్ బాధ్యత మోసిన అనుభవంతో చెబుతున్నాను: గదుల కొరతగా మనం పిలుచుకునేదానిలో పెద్ద భాగం, ఖాళీగా ఉన్న గంట ఎవరి చేతిలో ఉందో ఎవరికీ తెలియకపోవడం వల్ల వచ్చేదే. ఆ గంటను శాఖ చేతిలో ఉంచాలా, ఉమ్మడిగా ఒకచోట పెట్టి స్లాట్ల ప్రకారం పంచాలా, లేక సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాలా అన్నది ఇక్కడ తేల్చుకోవలసిన ప్రశ్న.

మొదట శాఖలకే గదులు రాసిచ్చే పాత పద్ధతిని చూద్దాం. దీనిని తీసిపారేయడం తేలిక, కానీ ఇది ఇన్నేళ్లు నిలబడడానికి బలమైన కారణం ఉంది. డిగ్రీ చదువు ఎం.పి.సి., సి.బి.జడ్. వంటి మూడు సబ్జెక్టుల గ్రూపులుగా నడిచిన కాలంలో సెక్షన్ మొత్తం ఒకే గదిలో కూర్చునేది, అధ్యాపకులే గది నుంచి గదికి తిరిగేవారు. విద్యార్థి ఎక్కడికీ కదలనప్పుడు గదిని సెక్షన్‌కో, శాఖకో రాసివ్వడంలో తప్పేమీ లేదు. పైగా అధ్యాపకుడు సెలవు పెట్టిన రోజున శాఖాధిపతి ఎవరినీ అడగకుండా పీరియడ్లు అటూఇటూ మార్చుకోగలడు. జంతుశాస్త్రం వారి చార్టులూ నమూనాలూ గదిలోనే ఉండిపోతాయి. ఫ్యాను చెడిపోతే బాగు చేయించమని వెంటపడేవాడు ఒకడు ఉంటాడు. ఉమ్మడి గదిలో విరిగిన బెంచీ ఏడాదంతా విరిగే ఉంటుందని ఉమ్మడి గదులున్న ఏ బ్లాకులోనైనా చూడవచ్చు.

అయితే 2023-24 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలు ఒకే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) పద్ధతికి మారాక ఆ కారణం పలుచబడింది. మేజర్‌తో పాటు మైనర్ (అనుబంధ సబ్జెక్టు) ఎంచుకునే విద్యార్థులు ఆ గంటకు సెక్షన్ విడిచి నాలుగు దిక్కులకు చెదిరిపోతారు. రసాయనశాస్త్రం మేజర్ వారిలో కొందరు కంప్యూటర్ మైనర్‌కూ, కొందరు గణితానికీ వెళ్లినప్పుడు ఆ గంటలో రసాయనశాస్త్రం వారి గది ఊరకే ఉంటుంది, కంప్యూటర్ శాఖకేమో గది చాలదు. ద్వితీయ భాష తరగతుల్లో ఈ ఇబ్బంది ఎప్పటి నుంచో ఉంది. తెలుగు, హిందీ, సంస్కృతం తరగతులకు మూడు నాలుగు సెక్షన్ల విద్యార్థులు కలుస్తారు. భాషా శాఖలకు సొంత గదులు తక్కువ కనుక ఆ పీరియడ్ల కోసం ప్రతి సెమిస్టరూ ఇతర శాఖల గుమ్మాల ముందు నిలబడవలసి వచ్చేది.

లెక్కగా చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. రోజుకు 6 పీరియడ్లు, వారానికి 6 రోజులు అనుకుంటే ఒక గదికి వారానికి 36 గంటలు వస్తాయి. ఒక శాఖకు 5 గదులు ఉండి 120 గంటల బోధన ఉందనుకుందాం. దాని చేతిలో ఉన్న 180 గంటల్లో 60 మిగులుతాయి. పక్క శాఖకు 2 గదులే ఉండి 90 గంటల బోధన ఉంటే, 72 గంటలతో సరిపెట్టుకోలేక 18 గంటలకు చెట్టు కిందకో గ్యాలరీ హాలుకో పోవాలి. రెండింటినీ కలిపితే 252 గంటలకు 210 గంటల అవసరం, అంటే 83 శాతం. కాగితం మీద అందరికీ సరిపోయినట్టే కనిపిస్తుంది.

ఉమ్మడి పద్ధతిని సమర్థించేవారు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతారు. కానీ మిగిలిన ఆ 42 గంటలు ఎక్కడ ఉన్నాయో చూడాలి. ఏడు గదులు, ఆరు రోజులు, రోజుకొక ఆఖరి పీరియడ్: సరిగ్గా 42. ఆఖరి పీరియడ్ ఎవరికీ వద్దంటే మిగతా అయిదు పీరియడ్లలో ఏడు గదులూ ఒక్క గంట కూడా ఖాళీ లేకుండా నిండాలి, అలా నింపడం చేత్తో దాదాపు అసాధ్యం. అందరూ పది నుంచి ఒంటిగంట మధ్యే పాఠం చెబుతామంటే గదులు ఉమ్మడి చేసినా కొరత తీరదు, ఎందుకంటే అక్కడ కొరత ఉదయం పదకొండు వంటి వేళలకే గానీ గదులకు కాదు. దీనికి తోడు ఇంకో నష్టం లెక్కలోకే రాదు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ప్రమాణం ప్రకారం ఇంజినీరింగ్ తరగతి గదికి 66 చదరపు మీటర్లు, ట్యుటోరియల్ గదికి 33 చదరపు మీటర్లు ఉండాలి. అరవై మంది పట్టే గదిలో 18 మంది పీజీ విద్యార్థులు కూర్చుంటే రిజిస్టరులో ఆ గంట వాడినట్టే నమోదవుతుంది. గది మూడింట రెండు వంతుల గంటలు వాడకంలో ఉండి, వాడిన గంటల్లో 30 శాతం సీట్లే నిండితే అసలు వినియోగం 20 శాతమే.

డెల్టాలో పుట్టినవారికి ఇదంతా కొత్త సంగతి కాదు. ధవళేశ్వరంలో నీరు ఎంత ఉన్నా, కాలువ తల దగ్గర పొలం ఉన్నవాడు తూము తెరిచి వదిలేస్తే శివారు ఆయకట్టుకు అందదు. అందుకే దాళ్వాలో, అంటే రెండో పంట కాలంలో, నీరు తగ్గినప్పుడు వంతులు పెడతారు. గదుల విషయంలో పాత శాఖలు కాలువ తల దగ్గరి రైతులు. తరువాత వచ్చిన కంప్యూటర్, బయోటెక్నాలజీ, మేనేజ్‌మెంట్ శాఖలు శివారు రైతులు. తల దగ్గరి రైతు చెడ్డవాడని కాదు, తన బోదెలో (పొలానికి నీరు తెచ్చే చిన్న కాలువలో) నీరు ఎక్కువైందని వెళ్లి చెప్పవలసిన అవసరం అతనికి లేదు, అంతే.

రెండో పద్ధతిలో గదులన్నీ ఒకచోట చేర్చి, వారాన్ని స్లాట్లుగా కోస్తారు. ఒక స్లాటు అంటే వారంలో ముందే నిర్ణయించిన కొన్ని పీరియడ్ల కట్ట: ఉదాహరణకు సోమవారం మొదటిది, మంగళవారం మూడోది, గురువారం రెండోది, శుక్రవారం నాలుగోది. పేపరుకు 4 పీరియడ్లయితే 36 పీరియడ్ల వారంలో 9 స్లాట్లు వస్తాయి. ప్రతి పేపరునూ ఏదో ఒక స్లాటులో పెడితే, ఒకే స్లాటులోని రెండు పేపర్లను విద్యార్థి ఎంచుకోలేడు కనుక క్లాష్ అన్న మాటే రాదు. ఐఐటీల వంటి చోట్ల ఎలెక్టివ్‌లు (విద్యార్థి తానే ఎంచుకునే పేపర్లు) అంత విరివిగా ఇవ్వగలగడానికి ఈ స్లాట్లే ఆధారం. దీనికి మరో లాభం ఉంది, దానిని మనవాళ్లు గుర్తించడం తక్కువ: ఒక స్లాటులోని పేపర్లన్నింటికీ ఒకే పూట పరీక్ష పెట్టవచ్చు కనుక పరీక్షల టైమ్‌టేబుల్ విడిగా తయారు చేయనక్కరలేదు.

కానీ స్లాటు గట్టి అచ్చు. నాలుగు పీరియడ్ల అచ్చులో అయిదు పీరియడ్ల పేపరు పట్టదు, మూడు పీరియడ్లు వరుసగా కావలసిన ల్యాబ్ అసలే పట్టదు. ల్యాబ్‌ల కోసం మధ్యాహ్నాలను విడిగా ఉంచవలసి వస్తుంది, ఉంచగానే ఉదయం రద్దీ మరింత పెరుగుతుంది. మన ప్రాంతంలో దీనికి రవాణా కూడా తోడవుతుంది. 2015లో తాడేపల్లిగూడెంలో ఏర్పడిన ఎన్.ఐ.టి. వంటి చోట విద్యార్థి హాస్టల్లో ఉంటాడు, సాయంత్రం అయిదున్నర స్లాటు అతనికి పెద్ద బాధ కాదు. అదే డెల్టా పట్టణంలోని డిగ్రీ కళాశాలకు ఆత్రేయపురం నుంచో పి.గన్నవరం నుంచో బస్సులో వచ్చే అమ్మాయికి ఆఖరి పీరియడ్ అంటే ఇంటికి చేరేసరికి చీకటి. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం వచ్చేవారికి మొదటి పీరియడ్ రేవు మీద ఆధారపడిన విషయం. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చే జూలై, ఆగస్టు రోజుల్లో లంక గ్రామాల విద్యార్థులు అసలు రాలేరు. అటువంటి వారంలో స్లాటు పద్ధతికి ఒక మేలున్న మాట కూడా చెప్పాలి: ఒక స్లాటు పీరియడ్లు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు గంటల్లో పరుచుకుని ఉంటాయి కనుక వరుసగా రెండు మొదటి పీరియడ్లు పోయినా ఒకే పేపరు నష్టపోదు. చేతి టైమ్‌టేబుల్‌లో సీనియర్ అధ్యాపకుడు అన్ని రోజులూ మొదటి పీరియడే కోరి తీసుకుంటే, ఆ వారంలో ఆయన పేపరు మొత్తం పోతుంది.

ఇక సాఫ్ట్‌వేర్. దీని మీద మన యాజమాన్యాలకు ఉన్న నమ్మకం, అధ్యాపకులకు ఉన్న అనుమానం, రెండూ కొంచెం ఎక్కువే. లెక్క స్వభావం తెలిస్తే రెండూ సర్దుకుంటాయి. గదుల సంగతి పక్కన పెట్టి, ఏ అధ్యాపకుడైనా ఏ గంటకైనా వస్తాడనుకుంటే టైమ్‌టేబుల్ తేలిక లెక్కే: 1916లో గణితవేత్త కోనిగ్ నిరూపించిన సిద్ధాంతం ప్రకారం, ఎక్కువ భారం ఉన్న అధ్యాపకుడికో సెక్షన్‌కో ఎన్ని పీరియడ్లుంటే అన్ని పీరియడ్లలోనే మొత్తం అమర్చవచ్చు. కానీ గెస్ట్ లెక్చరర్ మంగళ, గురువారాలు మాత్రమే వస్తానన్న క్షణం నుంచి లెక్క మారిపోతుంది. అధ్యాపకుల వీలును ఇలా పరిమితం చేస్తే అన్ని సందర్భాలకూ పనికివచ్చే వేగవంతమైన పద్ధతి ఏదీ తెలియని కఠిన సమస్యల వర్గంలోకి టైమ్‌టేబుల్ చేరుతుందని ఈవెన్, ఇటాయ్, షమీర్ 1976లో చూపారు. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ అయినా చేసేది తెలివైన వెతుకులాటే. 1967లో వెల్ష్, పావెల్ సూచించిన పద్ధతి ఇతర పేపర్లతో ఎక్కువ పేచీలున్న (ఒకే గంటలో పెట్టకూడని) పేపరును ముందు అమర్చి, తక్కువ పేచీలున్నవాటిని తరువాత అమర్చుతుంది. ఆ పేర్లు ఎన్నడూ వినని మా ముందుతరం అధ్యాపకులు కూడా ద్వితీయ భాష, ల్యాబ్‌లు, గెస్ట్ లెక్చరర్లు అన్న వరుసలో పెన్సిలుతో ముందు నింపి, తమ సొంత పీరియడ్లను చివర నింపుకునేవారు.

ఖర్చు ఇక్కడ అడ్డంకి కాదు. 2002లో మొదలైన ఫెట్ అనే టైమ్‌టేబుల్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, సెక్షన్ల పద్ధతికి బాగా సరిపోతుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వేళ్లూనిన యూనిటైమ్ కూడా ఉచితమే. అది విద్యార్థులు కోరిన పేపర్లను బట్టి గదులనూ గంటలనూ కలిపి అమర్చుతుంది, మధ్యలో మార్పు వస్తే ఉన్న పట్టికను వీలైనంత తక్కువ కదిలించి సరిచేస్తుంది. ఈ చివరి గుణం చాలా విలువైనది, ఎందుకంటే మన దగ్గర టైమ్‌టేబుల్ మొదటి నెలలో కనీసం మూడుసార్లు మారుతుంది. అడ్డంకి ఎక్కడంటే, మనం దానికి ఇచ్చే వివరాల్లో. గది కొలత, నిజంగా పనిచేసే బెంచీల సంఖ్య, ప్రొజెక్టరు ఉందా, అధ్యాపకుడు నిజంగా రాలేని గంటలు ఏవి అన్నవి ఎక్కడా ఒకచోట రాసి ఉండవు. అడిగితే ప్రతి అధ్యాపకుడూ మధ్యాహ్నం రాలేనంటాడు. ఆ అబద్ధాలన్నీ నిజమని నమ్మి సాఫ్ట్‌వేర్ ఆఖరికి అమరిక కుదరదని తేల్చి కూర్చుంటుంది. పెన్సిలు పట్టుకున్న మనిషి మాత్రం ఎవరి మాట నిజమో ముఖం చూసి తెలుసుకుంటాడు. నా అనుభవంలో చేతి పద్ధతికి మిగిలిన అసలు బలం ఇదొక్కటే, అది బలహీనత కూడా: ఆ మనిషి మొహమాటపడేది ఎప్పుడూ సీనియర్ల దగ్గరే.

కనుక ఏది మేలన్నది ప్రాంగణాన్ని బట్టి చెప్పాలి. పదీ పన్నెండు గదులతో, ఎంపికలు తక్కువగా ఉన్న చిన్న కళాశాలలో శాఖల వారీ గదులూ చేతి టైమ్‌టేబులే చాలు. అక్కడ సాఫ్ట్‌వేర్ పెట్టడం పంటబోదెకు పెద్ద కాలువల లాకులు కట్టడమే. 2006లో రాజమహేంద్రవరంలో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, 2008లో విడి విశ్వవిద్యాలయమైన కాకినాడ జె.ఎన్.టి.యు. వంటి సంస్థల స్థాయిలో, అనేక శాఖలు ఒకే ప్రాంగణంలో ఉన్నచోట, పూర్తి ఉమ్మడి కన్నా సగం ఉమ్మడి మేలని నా అభిప్రాయం. మైనర్లు, ఎలెక్టివ్‌లు, ద్వితీయ భాష అనే మూడింటిని మాత్రమే ప్రాంగణమంతటికీ ఒకే స్లాట్లలో పెట్టాలి, ఎందుకంటే శాఖ గోడ దాటేవి అవే. మేజర్ పేపర్లనూ ల్యాబ్‌లనూ శాఖ తన గదుల్లో తన ఇష్టప్రకారం అమర్చుకోవచ్చు, వాటి మీద మొదటి హక్కు శాఖదే. కానీ తరగతులు మొదలవడానికి పది రోజుల ముందు తన గంటలను నింపి ఇచ్చాక, నింపని ప్రతి గంటా ఉమ్మడి జాబితాలోకి పోవాలి. ఉదయం గంటలు కోరిన శాఖ ఆఖరి పీరియడ్లలో కూడా తన వాటా తీసుకోవాలన్న షరతు లేకపోతే పైన చెప్పిన 42 గంటల కథ మళ్లీ మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్‌ను ఈ పద్ధతి రెండు సెమిస్టర్లు నడిచి, గదుల రిజిస్టరు నమ్మదగినదిగా తయారైన తరువాత తెచ్చుకోవాలి, ముందు కాదు.

ఒక చిన్న విషయం మాత్రం మొదటి రోజు నుంచే కావాలి, అది కంప్యూటరుకు సంబంధించినది కాదు. కాలువకు నీరు వదిలే లస్కరు ఎలాంటివాడో బ్లాకుకు అటెండరు అలాంటివాడు. ఏ గది ఏ గంట తెరిచారో అతనికే తెలుసు. తాళంచెవులు శాఖాధిపతి సొరుగులో కాక అతని దగ్గర బోర్డుకు వేలాడాలి, తెరిచిన ప్రతిసారీ రిజిస్టరులో ఒక గీత పడాలి. తీసుకుని కూడా వరుసగా రెండు వారాలు తెరవని గంటను మూడో సోమవారం ఉమ్మడి జాబితాలో కలపడానికి ఆ గీతల కన్నా వేరే రుజువు అడగనక్కరలేదు.