చామంతికి కొనలు తుంచడమా, మొగ్గలు గిల్లడమా: ఏది మేలు?

చామంతి మొక్కను దాని మానాన వదిలేస్తే ఒకటి రెండు కాడలుగా నిటారుగా ఎదిగి, చివర కొద్దిపాటి పూలు పూసి, ఆ బరువుకే పక్కకు వాలిపోతుంది. దీన్ని సరిదిద్దడానికి పెరటి తోటల్లో రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది మొక్క లేతగా ఉండగానే కొనలు తుంచడం, రెండవది మొగ్గలు తొడిగాక కొన్నింటిని గిల్లేసి మిగిలినవాటికి బలం చేకూర్చడం. చేసేది వేళ్లతోనే అయినా ఈ రెండింటి ఫలితాలు పూర్తిగా వేరు: ఒకటి పూల సంఖ్యను పెంచుతుంది, మరొకటి సంఖ్యను తగ్గించి పరిమాణాన్ని పెంచుతుంది.

కొన చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కాడ వెంట కిందికి దిగుతూ, ఆకుల మొదళ్లలో ఉన్న పక్క చిగుళ్లను ఎదగనివ్వదు. రెండు మూడు ఆకులతో సహా ఆ కొనను తుంచేస్తే అడ్డు తొలగి, కింది కణుపుల నుంచి కొత్త కొమ్మలు వస్తాయి. జూన్, జూలై నెలల్లో నాటిన మొక్కకు సుమారు నాలుగు వారాలు నిండాక ఒకసారి, ఆ పక్క కొమ్మలు సాగిన తరువాత మరోసారి తుంచితే మొక్క గుబురుగా తయారవుతుంది. అయితే ఇక్కడ కాలం చాలా ముఖ్యం. రాత్రులు పొడుగయ్యే రోజుల్లో మొగ్గ తొడిగే మొక్క ఇది కాబట్టి, ఆగస్టు దాటాక కొనలు తుంచుతూ పోతే రాబోయే మొగ్గలనే తుంచినట్లవుతుంది. (తుంచడంలో ఏ లోపమూ లేకపోయినా మొగ్గ రావడం లేదంటే, రాత్రంతా కుండీ మీద వీధి దీపం వెలుగు పడుతోందేమో చూడాలి.)

మొగ్గలు గిల్లడం పెద్ద పూల రకాలకే తగిన పని. కాడ చివరనున్న నడి మొగ్గను ఉంచి, చుట్టూ వచ్చే పక్క మొగ్గలను మిరియపు గింజంత ఉన్నప్పుడే తీసేస్తే, ఆ కొమ్మకు అందే ఆహారమంతా ఒక్క పువ్వుకే చేరుతుంది. ప్రదర్శనల్లో కనిపించే అరచేయంత పూలు ఇలా వచ్చినవే. అందుకు ఓపిక కావాలి, ప్రతి కొమ్మకూ వెదురు పుల్ల ఊతం కావాలి, రోజుల తరబడి పుట్టుకొచ్చే పక్క మొగ్గలను వెతికి తీయాలి. మిగిల్చిన ఆ ఒక్క మొగ్గనూ పురుగు తింటే ఆ కొమ్మకు ఇక పువ్వే ఉండదు.

మాల కట్టడానికి, పూజకు, జడకు పనికొచ్చే చిన్న పసుపు, తెల్ల చామంతులకు కొనలు తుంచడమే మేలని నా అభిప్రాయం. వాటి మొగ్గలు గిల్లితే పువ్వు చెప్పుకోదగినంత పెద్దదీ కాదు, మూరకు చాలినన్ని పూలూ మిగలవు. పెద్ద పూల రకాలకు మాత్రం రెండూ కలిపి చేయడం ఉత్తమం: ముందు ఒక్కసారి కొన తుంచి మూడు నాలుగు కొమ్మలు రానిచ్చి, తరువాత కొమ్మకో మొగ్గ ఉంచాలి.

బంతి విషయంలో లెక్క కొంత మారుతుంది. పొడవుగా పెరిగే ముద్దబంతికి, నాటిన 30 నుంచి 40 రోజుల మధ్య కొన తుంచితే కొమ్మలు, పూలు పెరుగుతాయి గానీ తొలి పూత వెనక్కి జరుగుతుంది. బతుకమ్మకో దసరాకో పూలు చేతికి రావాలనుకునేవారు ఆ ఆలస్యాన్ని కలుపుకొని ముందే నారు పోయాలి, లేదా తుంచడం మానుకోవాలి. పొట్టి రకం బంతి తనంతట తానే గుబురుగా పెరుగుతుంది గనుక దాని జోలికి పోనవసరం లేదు.

ఇక కడియం వంటి చోట్ల నర్సరీల నుంచి మొగ్గలతోనే వచ్చిన చామంతి కుండీకి ఈ రెండు పద్ధతులూ అక్కరలేదు. వాడిన పూలను ఎప్పటికప్పుడు తీసేస్తూ, పూత పూర్తిగా అయ్యాక కాడలను నేల నుంచి జానెడు ఎత్తున కత్తిరిస్తే మొక్క మొదలు దగ్గర పిలకలు వస్తాయి. తదుపరి వానాకాలంలో వాటిని విడదీసి నాటుకున్నప్పుడు కొనలు తుంచడం మొదలుపెట్టవచ్చు.