గేటు లోపలి రోడ్డా, కార్పొరేషన్ రోడ్డా: ఇల్లు కొనేవాళ్లకు ఏది మేలు?

మా తమ్ముడు ఆర్నెల్లుగా హైదరాబాద్ చుట్టుపక్కల ఇల్లు వెతుకుతున్నాడు. వడపోతలో చివరికి రెండు మిగిలాయి. ఒకటి కొల్లూరు వైపు గేటెడ్ కమ్యూనిటీలో విల్లా. రెండోది ఘట్‌కేసర్ దగ్గర హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) లేఔట్‌లో 200 గజాల ప్లాటు, కొని కట్టుకోవాలి. ధర, ఆఫీసు దూరం, పిల్లల బడి, వాస్తు అన్నీ పట్టిక వేసి నాకు వాట్సాప్‌లో పంపాడు గానీ అందులో రోడ్డు ఊసే లేదు. అడిగితే "గేటుంది కదన్నా, ఇంక రోడ్డు టెన్షన్ మనకెందుకు" అన్నాడు. అక్కడే నాకు కాలింది. గేటు ఉందంటేనే రోడ్డు టెన్షన్ మన నెత్తిన పడిందని లెక్క. గేటు లేకపోతే ఆ టెన్షన్ కార్పొరేషన్‌ది, మనం తిట్టుకుంటూ తిరుగుతాం, అంతే.

ముందు గేటు లేని ఓపెన్ లేఔట్ సంగతి చూద్దాం. వెంచర్ వేసేవాడు హెచ్‌ఎండీఏలో ప్లాను పెడితే మొదట డ్రాఫ్ట్ లేఔట్ ఇస్తారు, ప్లాట్లలో 15 శాతం తనఖా పెట్టించుకుంటారు (మార్టిగేజ్ ప్లాట్లు అని మనవాళ్లు అంటుంటారే, అవే). రోడ్లు, డ్రైనేజీ, కరెంటు స్తంభాలు, పార్కు పూర్తిచేసి చూపించాలి. ఆ రోడ్లనూ పార్కు స్థలాన్నీ పైసా తీసుకోకుండా స్థానిక సంస్థ పేరిట గిఫ్ట్ డీడ్ చేసివ్వాలి. అప్పుడు గానీ ఫైనల్ లేఔట్ రాదు, తనఖా ప్లాట్లు విడుదల కావు. గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ అయ్యాక మీ ఇంటి ముందు రోడ్డు మీది కాదు, వెంచర్ వాడిదీ కాదు. పక్క కాలనీవాడికి దాని మీద ఎంత హక్కుందో మీకూ అంతే.

విల్లాల కథ వేరు. అది ఎక్కువగా ప్లాట్ల లేఔట్‌గా కాకుండా గ్రూప్ డెవలప్‌మెంట్ (స్థలానికీ ఇళ్లకూ కలిపి ఒకే ప్రాజెక్టు) కింద పర్మిషన్ తెచ్చుకుంటుంది. 2012లో వచ్చిన భవన నిబంధనలు, అదే అందరూ 168 జీవో అని పిలిచేది, అందులోనే దీని సంగతి ఉంది. ప్రహరీ లోపలి రోడ్లు, పార్కు, క్లబ్‌హౌస్ ఉమ్మడి ఆస్తి. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం వచ్చాక, ఓసీ (ఇళ్లలో ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చిన మూడు నెలల్లోగా ఆ ఉమ్మడి ఆస్తిని బిల్డరు సంఘానికి రాసివ్వాలి. అంటే లోపలి రోడ్డు సంఘానిది, సంఘమంటే మీరు. ఇంకో చిన్న మాట, దీన్ని బ్రోషర్లో ఎవరూ వేయరు. లోపలెక్కడో ఉన్న పొలాలకూ స్థలాలకూ దారి మూసుకుపోకుండా ఇలాంటి ఎన్‌క్లేవ్‌లు తమ స్థలంలోనే ఒక అంచున 9 మీటర్ల బీటీ (తారు) రోడ్డు వేసి జనానికి వదలాలని ఆ నిబంధనల్లో ఉంది. కొన్నేళ్ల తర్వాత ఆ అంచు రోడ్డును కూడా ప్రహరీలో కలిపేసుకుని పార్కింగ్ చేసిన చోట్లు నేను చూశాను. అలాంటి విల్లా కొంటే గొడవను కూడా కలిపి కొన్నట్టే.

ఇక డబ్బు. మా బావ వాళ్ల విల్లాలు 96. పదేళ్లయింది, లోపలి బీటీ రోడ్డు లేచిపోయి కంకర తేలింది. కొత్తగా వేయడానికి కాంట్రాక్టరు 42 లక్షలు చెప్పాడు. ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్‌లో మీటింగు పెట్టి ఇడ్లీ వడ కూడా తెప్పించారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, చుట్టంగా వెళ్లి సినిమా చూసినట్టు చూశాను. ఇంటికి దాదాపు 44 వేలు పడుతుందని కోశాధికారి చెప్పగానే చివరి వీధి పెద్దాయన లేచి "మా వీధిలో రోడ్డు నున్నగా ఉంది, ఇటు బండే రాదు, మేమెందుకు కట్టాలి" అన్నాడు. గేటు పక్కన విల్లా ఆవిడ అందుకుంది. "మీరంతా ఇళ్లు కట్టించుకున్నప్పుడు ఇసుక లారీలన్నీ మా ఇంటి ముందు నుంచే పోయాయి, మర్చిపోయారా?" అని. విల్లాకింత అని వేయాలా, గజాల లెక్కన వేయాలా అని ఒక గంట. కార్పస్ ఫండ్ (సంఘం దాచిన మూలనిధి) తియ్యండి అని ఒకరు, అది లిఫ్టులకూ ఎస్టీపీకీ (మురుగునీటి శుద్ధి ప్లాంటుకు) అని ఇంకొకరు, విల్లాల్లో లిఫ్టులెక్కడివి అని వెనకనుంచి ఎవరో. ఇడ్లీలు అయిపోయాయి, తీర్మానం కాలేదు. రోడ్డు పడటానికి మరో పద్నాలుగు నెలలు పట్టింది. అయితే పడ్డాక చూస్తే, నిజం చెప్పాలి కదా, అద్దంలా ఉంది. మందం ఎంతుండాలో వాళ్లే చెప్పారు, దగ్గరుండి వేయించుకున్నారు, వాన నీళ్ల వాలు సరిచేయించారు, ఎవడూ వచ్చి తవ్వలేదు.

ఇదే బావ ఆస్తిపన్ను కూడా కడతాడు. గేటు లోపల ఉన్నాను, నా రోడ్డు నేనే వేసుకుంటున్నాను, నా వీధి దీపం బిల్లు నేనే కడుతున్నాను కాబట్టి తగ్గించండి అంటే కుదరదు. ఏప్రిల్‌లో ముందుగా కడితే వచ్చే 5 శాతం రిబేటు ఓపెన్ కాలనీలో ఉన్న నాకూ, విల్లాలో ఉన్న ఆయనకూ ఒకటే. పన్ను కాకుండా నెలనెలా మెయింటెనెన్స్. అది ఇంటికి 7,500 దాటి, సంఘం ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటితే దాని మీద 18 శాతం జీఎస్టీ. ఎమ్మెల్యే నిధులో కార్పొరేటర్ నిధులో తెచ్చి లోపల రోడ్డు వేయిద్దామంటే సాధారణంగా జరగదు, జనం తిరగని రోడ్డుకు జనం డబ్బు పెట్టరు. రోడ్డు ఒక్కటే కాదు, లోపల మురుగు లైను పూడినా, స్తంభం కూలినా, చెట్టు పడినా ముందు సంఘం జేబే తడుముకోవాలి.

అలాగని ఓపెన్ కాలనీలో సుఖపడిపోతున్నాం అనుకోకండి. నేనుండేది అక్కడే, పద్దెనిమిదేళ్లుగా. మా వీధి సీసీ రోడ్డు కోసం మూడేళ్లు వినతిపత్రాలు ఇచ్చాం, ఎన్నికల ముందు పడింది, కొబ్బరికాయ కూడా కొట్టారు. నెల తిరక్కుండానే పైపులైను అని వచ్చి నడిమధ్యన బారుగా కోశారు. కోసినవాళ్లు ఎవరో చెప్పను, ఊళ్లో అందరికీ తెలిసిన తంతే. పూడ్చిన చోట మట్టి దిగిపోయి ఇప్పటికీ స్కూటీ హ్యాండిల్ లాగేస్తుంది. అంతకంటే పెద్ద బాధ ఎత్తు. పాత రోడ్డు తీయకుండా దాని మీదే కొత్తది పోస్తారు. ఇల్లు కట్టినప్పుడు మా గేటు ముందు మూడు మెట్లుండేవి, ఇప్పుడు ఒకటిన్నర. ఇంకోసారి వేస్తే వాన నీళ్లు కాళ్లు కడుక్కోకుండానే నట్టింట్లోకి వస్తాయి. అడిగితే "ఎస్టిమేట్‌లో తవ్వకం లేదు సార్" అన్నాడు కాంట్రాక్టరు. గేటెడ్‌లో అయితే ఆ ఎస్టిమేట్ నేనే రాయించేవాణ్ణి, అది ఒప్పుకోవాలి.

కానీ ఓపెన్ కాలనీ ఇచ్చేది ఒకటుంది, దాని విలువ పట్టికలో రాయలేం. పొద్దున ఏడింటికి తోపుడు బండి మీద తోటకూర, గోంగూర ఇంటి ముందుకొస్తాయి. బోనాలప్పుడు ఊరేగింపు మా వీధిలోంచే పోతుంది. మా అమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు అంబులెన్స్ వాడు ఎవరికీ ఓటీపీ చెప్పకుండా నేరుగా గుమ్మం ముందుకొచ్చాడు. బావ వాళ్ల దగ్గర కూరగాయల బండి లోపలికి రాదు, అందరూ యాప్‌లో తెప్పించుకుంటారు, మా అత్తయ్య మాత్రం రోజూ గేటు దాకా నడిచెళ్లి బయట నిలబడ్డ బండి దగ్గర బేరమాడి వస్తుంది. మరోపక్క అక్కడ పిల్లలు రోడ్డు మీద క్రికెట్ ఆడతారు, సైకిల్ తొక్కుతారు. మా వీధిలో పిల్లల్ని రోడ్డు మీద వదిలే ధైర్యం నాకు లేదు. ఇందులో ఏది ఎక్కువో ఇంట్లో పిల్లలున్నారా, ముసలివాళ్లున్నారా అన్నదాన్ని బట్టి.

చట్టం ఏమంటుందంటారా? హైదరాబాద్ కార్పొరేషన్, అదే జీహెచ్‌ఎంసీ, నడిచేది ఇప్పటికీ 1955 నాటి చట్టం మీదే. అందులో పబ్లిక్ వీధి, ప్రైవేటు వీధి అని రెండు. పబ్లిక్ కానిదంతా ప్రైవేటే. ప్రైవేటు వీధి అధ్వానంగా ఉంటే దాన్ని చదును చేయండి, మురుగుపారుదల చూడండి, దీపాలు పెట్టండి అని అక్కడి ఇళ్లవాళ్లకే కమిషనర్ నోటీసివ్వొచ్చు. చేయకపోతే తనే చేయించి ఖర్చు వాళ్ల దగ్గర రాబట్టొచ్చు. అంతా సరిగా చేశాక దాన్ని పబ్లిక్ వీధిగా ప్రకటించే దారీ ఉంది. కాబట్టి గేటెడ్‌వాళ్లు రోడ్లు అప్పగించాలనుకుంటే తలుపు పూర్తిగా మూసుకుపోలేదు, కానీ అప్పగించాక గేటు మీద ఆశ వదులుకోవాలి. రోడ్డు వాళ్లు వేయాలి, గేటు మేం వేసుకుంటాం అంటే చెల్లదు.

సరిగ్గా ఈ రెండూ కావాలనుకున్న కాలనీలు ఊళ్లో లెక్కలేనన్ని. రోడ్లు గిఫ్ట్ డీడ్ అయిపోయి ఉంటాయి, ఓ దొంగతనం జరగ్గానే సంఘం గేటు పెట్టేస్తుంది. ప్లాటు అమ్మేవాళ్లు దాన్నే "గేటెడ్ టైప్" అంటారు. ఈ టైప్ అనే మాట వినగానే జాగ్రత్తపడండి. ఎందుకంటే ఆ పని మేమూ చేశాం, నేనూ 2 వేలు చందా ఇచ్చాను. రాత్రి పదికి తాళం వేసేవాళ్లం. మా వెనక కాలనీవాళ్లకు మెయిన్ రోడ్డుకు అదే దగ్గర దారి, మూసేస్తే రెండు కిలోమీటర్లు చుట్టు. ఆర్నెల్లు ఓపిక పట్టి వాళ్లు గిఫ్ట్ డీడ్ కాపీ జతచేసి ఫిర్యాదు పెట్టారు. ఒకరోజు మధ్యాహ్నం గ్యాస్ కట్టర్‌తో మనిషి వచ్చాడు, నిప్పురవ్వలు పడుతుంటే వీధంతా బాల్కనీల్లో నిలబడి చూశాం. 60 వేలు పెట్టి చేయించిన గేటు పాత ఇనుము లెక్కన తూకానికి పోయింది. నాలుగు రోజులు మండిపడ్డాం గానీ తప్పు మాదే. ఇప్పుడైతే మరీ కష్టం. 2024 జూలైలో హైడ్రా (ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించే సంస్థ) వచ్చాక రోడ్లకు అడ్డంగా కట్టిన గోడలు, పార్కుల ఆక్రమణల మీద ఫిర్యాదు చేయడం తేలికైంది, సోమవారం ప్రజావాణికి పోయి కాగితం ఇస్తే చాలు. ఇచ్చేవాళ్లు పక్క కాలనీలోనే ఉంటారు.

ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఔట్లను క్రమబద్ధం చేసే పథకం) కట్టాల్సిన పాత పంచాయతీ వెంచర్లను ఈ పోలికలోకి తేవడం లేదు. పార్కు స్థలం వదలనందుకు స్థలం విలువలో 14 శాతం మనమే కట్టాలి, పైగా చాలాచోట్ల రోడ్డు కాగితం మీద 30 అడుగులు, నేల మీద 22. తమ్ముడి జాబితాలోంచి అలాంటివి రెండు ముందే కొట్టేశాను.

ఇక నా ఓటు. నిజమైన గేటెడ్‌లో విల్లా తీసుకుంటే మెయింటెనెన్స్‌ని ఈఎంఐతో పాటు జీవితాంతం కట్టే ఇంకో వాయిదాగా లెక్కేసుకోవాలి, మీటింగుల్లో కూర్చునే ఓపిక ఉండాలి. అవి ఉన్నవాళ్లకు అది మంచి బేరమే. 50 ఇళ్లు కూడా లేని చిన్న గేటెడ్ మాత్రం నేను వద్దంటాను, ఒక్క రోడ్డు ఖర్చుకే సంఘం రెండు ముక్కలవుతుంది. బండి మీద కూరలు కావాలి, ఖర్చు చేతిలో ఉండాలి, కాస్త గతుకులు తట్టుకోగలం అంటే ఫైనల్ అయిన ఓపెన్ లేఔట్. మా తమ్ముడి జీతానికీ, అమ్మ వాడి దగ్గరే ఉంటుందన్నదానికీ నేను ఘట్‌కేసర్ ప్లాటే అన్నాను. కట్టేటప్పుడు మాత్రం అడుగుమట్టం రోడ్డు కంటే కనీసం మూడడుగులు లేపమన్నాను, మెట్ల సంగతి నాకు తెలుసు కాబట్టి. "టైప్" వాటి జోలికి అసలు వద్దు.

కాగితాల్లో చూడాల్సినవి తక్కువే. ప్లాటైతే డ్రాఫ్ట్‌తో సరిపెట్టుకోకుండా ఫైనల్ లేఔట్ నంబరు అడగండి, మీ ప్లాటు తనఖాలో ఉందో లేదో చూడండి, సర్వే నంబరు మీద ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీసి గిఫ్ట్ డీడ్ దొరికితే దాని సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోండి. విల్లా అయితే ఓసీ వచ్చిందా, ఉమ్మడి స్థలం సంఘం పేరిట రిజిస్టర్ అయిందా, ఇంకా బిల్డరు పేరునే ఉందా? స్వాధీనం చేసిన అయిదేళ్ల వరకు నిర్మాణంలో, పనితనంలో లోపాలు బయటపడితే ఉచితంగా సరిచేయాల్సింది బిల్డరే అని రెరా చెబుతోంది కాబట్టి ఆ గడువులో ఎంత మిగిలిందో కూడా లెక్కేసుకోండి. సంఘం గత మూడేళ్ల జమాఖర్చులు అడిగితే ఇవ్వడానికి తటపటాయించారంటే నాకైతే అక్కడే విషయం అర్థమైపోతుంది.

తమ్ముడు నిన్న ఈసీ తీశాడు. ముప్పై రెండు పేజీలొచ్చింది. గిఫ్ట్ డీడ్ ఎంట్రీ పందొమ్మిదో పేజీలో ఉంది, కానీ అందులో రాసిన విస్తీర్ణానికీ లేఔట్ ప్లానులో రోడ్ల విస్తీర్ణానికీ 140 గజాలు తేడా వస్తోంది. ప్లాటు కార్నర్ బిట్ కావడంతో ఆ 140 ఎక్కడ తగ్గిందో తేలేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దన్నాను. మరదలు మాత్రం విల్లా వైపే చూస్తోంది.