12 ఏళ్లుగా ట్రూత్ టేబుల్ వాడుతున్నాను

బీటెక్ రెండో ఏడాది డిస్క్రీట్ మ్యాథ్స్‌లో నేర్చుకున్న ట్రూత్ టేబుల్ (ట్రూ, ఫాల్స్‌ల ప్రతి కలయికకీ ఒక వరుస వేసి, వాక్యం ఏమవుతుందో రాసే పట్టిక) 12 ఏళ్ల తర్వాత కూడా నా చేతిలోనే ఉంది. పగలు ప్రోగ్రామింగ్ ఉద్యోగం, శని ఆదివారాల్లో ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్ పరీక్షకి చదివే పిల్లలకు పాఠాలు. రెండు చోట్లా అక్కరకొస్తోంది. రెండు ప్రవచనాలు (ట్రూ లేదా ఫాల్స్ అని తేల్చగల వాక్యాలు) లాజిక్ ప్రకారం సమానమా కాదా తేల్చడానికి ఇంతకంటే నమ్మదగిన పద్ధతి నాకు దొరకలేదు. అయినా ప్రతి లెక్కకూ దీన్నే పట్టుకోమని మాత్రం చెప్పను.

ముందు నమ్మకం సంగతి. వేరియబుల్స్, అంటే విడివిడిగా ట్రూ లేదా ఫాల్స్ అయ్యే చిన్న భాగాలు, రెండైతే 4 వరుసలు, మూడైతే 8. వాటికి బయట ఇంకో అవకాశం ఉండదు. ప్రతి వరుసలోనూ రెండు ప్రవచనాల చివరి కాలమ్‌లు కలిస్తే రుజువు పూర్తయినట్టే. తెలివైనవాళ్లకీ, అప్పుడే మొదలుపెట్టినవాళ్లకీ ఒకే జవాబు వస్తుంది.

నేను ప్రతి బ్యాచ్‌కీ ఇచ్చే లెక్క ఒకటుంది. 'వాన పడితే మ్యాచ్ ఆగుతుంది, అలాగే కరెంటు పోతే మ్యాచ్ ఆగుతుంది.' దీన్ని ఒకే షరతుగా రాయమంటే చాలామంది 'వాన పడి, కరెంటు కూడా పోతే మ్యాచ్ ఆగుతుంది' అని రాస్తారు. మధ్యలో ఉన్న 'అండ్'ని అలాగే లోపలికి తెచ్చేస్తారు. అప్పుడు టేబుల్ వేయిస్తాను. 8 వరుసల్లో 6 కలుస్తాయి, 2 కలవవు. ఆ రెంటిలో ఒకటి చూడండి: వాన పడింది, కరెంటు ఉంది, ఆట ఆగలేదు. అలాంటి రోజు మొదటి మాట అబద్ధమైంది. రెండోది అబద్ధం కాలేదు, అది రెండూ జరిగినప్పటి సంగతే చెప్పింది కాబట్టి. సరైన వాక్యం 'వాన పడినా, కరెంటు పోయినా మ్యాచ్ ఆగుతుంది'. తెలుగులో 'పడినా, పోయినా' అనగానే 'ఆర్' దానంతటదే వచ్చేస్తుంది. టేబుల్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ కలవని వరుసే. తప్పని చెప్పి వదిలేయకుండా, ఏ పరిస్థితిలో తప్పో వేలుపెట్టి చూపిస్తుంది.

ఆఫీసులోనూ ఇదే అనుభవం. ఒకసారి మిగతావాళ్లని ఆపడానికి 'లాగిన్ అయి, డబ్బు కట్టినవాళ్లు' అనే షరతుకి వ్యతిరేకం రాయాల్సి వచ్చింది. 'లాగిన్ కాలేదు, డబ్బు కట్టలేదు' అని రెంటినీ 'అండ్'తో కలిపి రాశాను. లాగిన్ అయి డబ్బు కట్టనివాళ్లు కూడా లోపలికి వెళ్లిపోయారు. కాగితం మీద 4 వరుసలు వేసుకుంటే 2 నిమిషాల్లో దొరికే తప్పు, వెతకడానికి సాయంత్రం వరకూ పట్టింది. అక్కడ 'ఆర్' ఉండాలని చెప్పేదే డి మోర్గన్ సూత్రం. ఆ గణిత శాస్త్రవేత్త అగస్టస్ డి మోర్గన్ 1806లో మదురైలో పుట్టారని తెలిసినప్పుడు ఎందుకో చాలా సంతోషమనిపించింది.

ఇబ్బందులూ ఉన్నాయి. వేరియబుల్ ఒకటి పెరిగితే వరుసలు రెట్టింపవుతాయి. నాలుగుకి 16, ఐదుకి 32. కాలేజీ మిడ్ పరీక్షలో నేను 16 వరుసల టేబుల్ వేస్తూ మధ్యలో నెగేషన్‌కి ('కాదు' అనే భాగానికి) విడిగా కాలమ్ వేయలేదు. ఒక్క వరుస తారుమారై మొత్తం మళ్లీ వేయాల్సి వచ్చింది, తర్వాతి ప్రశ్నకి టైమే మిగల్లేదు. అప్పటినుంచి ఎంత చిన్న భాగమైనా దానికో కాలమ్ ఇస్తాను. వరుసలు కూడా ఒకే క్రమంలో రాస్తాను: కుడివైపు చివరి వేరియబుల్ ఒక్కో వరుసకీ మారుతుంది, దాని పక్కది రెండు వరుసలకోసారి, ఆ పక్కది నాలుగింటికోసారి.

పిల్లలు చేసే ఇంకో పొరపాటు, రెండు కాలమ్‌లలోనూ ట్రూలు సమానంగా ఉన్నాయని లెక్కపెట్టి 'ఈక్వివలెంట్' (సమానం) అని రాసేయడం. లెక్క సరిపోతే చాలదు, వరుసకి వరుస కలవాలి.

పెద్ద లోటు వేరే ఉంది. సమానమని టేబుల్ చెబుతుంది, ఎందుకు సమానమో చెప్పదు. మ్యాచ్ లెక్కలో 'అండ్' కాస్తా 'ఆర్' ఎలా అయిందో టేబుల్‌లో కనిపించదు. 'అయితే' అనే షరతుని 'మొదటిది కాదు, లేదా రెండోది' అని మార్చి, 'మ్యాచ్ ఆగుతుంది'ని బయటికి తీసి, డి మోర్గన్ వాడితే మూడు లైన్లలో కారణం బయటపడుతుంది. అందుకే మూడు వేరియబుల్స్ దాటితే నేను సూత్రాలతోనే చేస్తాను. సమానం కాదని అనుమానం వస్తే మాత్రం మొత్తం టేబుల్ వేయను. షరతు అబద్ధమయ్యేది ముందుభాగం ట్రూ, వెనకభాగం ఫాల్స్ అయినప్పుడే కాబట్టి నేరుగా ఆ వరుసలే చూస్తాను. గేట్‌లో ఆప్షన్లు కొట్టేయడానికి ఇది బాగా పనికొస్తుంది.

'ప్రతి పూర్ణ సంఖ్యకీ', 'ఏదో ఒక సంఖ్యకి' లాంటి మాటలు వచ్చాయంటే టేబుల్ పక్కన పెట్టేయాలి. పూర్ణ సంఖ్యలకు అంతం లేదు, వరుసలు ఎక్కడా పూర్తికావు. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లు అక్కడ కూడా స్కేలు తీసి గడులు గీయడం మొదలుపెడతారు, వాళ్లని ఆపడం ఆ వారం నా మొదటి పని.