గల్ఫ్‌కి పోవాలంటే ఏది మేలు: మనోడిచ్చే విజిట్ వీసానా, లైసెన్సు ఉన్న ఏజెంటా?

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కుర్రాడు ఐటీఐ ముగించి వెల్డింగ్ నేర్చుకున్నాడంటే ఇంట్లో ఇక ఒకటే మాట: ఎవరి ద్వారా పంపుదాం? కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, ఎక్కడైనా ఇదే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చాక తోట మీద బతుకుదామనే ధైర్యం చాలా ఇళ్ళలో పోయింది. అందుకే వెళ్ళొద్దని చెప్పడానికి నాకు నోరు రాదు. వెళ్ళే దారుల్లో ఏది నయమో మాత్రం కచ్చితంగా చెప్పాలి.

మొదటి దారి అందరికీ తెలిసిందే. పక్క ఊళ్ళో ఒకతను ఉంటాడు, లేదంటే వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపే ఆయనే ఏజెంటు. లక్షో లక్షన్నరో అడుగుతాడు. "ముందు విజిట్ వీసా మీద దిగిపో, కంపెనీ వాళ్ళు అక్కడే వీసా మార్చేస్తారు" అంటాడు. "మనోడే కదా, ఏటవుద్ది" అని ఇంట్లోవాళ్ళు బంగారం తాకట్టు పెడతారు. పదిహేను రోజుల్లో టికెట్ వస్తుంది. ఈ దారికి ఉన్న బలమంతా ఆ తొందరే.

విజిట్ వీసా మీద పనిచేయడం గల్ఫ్‌లోనూ మలేషియాలోనూ చట్టవిరుద్ధం. పట్టుబడితే ముందు ఇరుక్కునేది మన కుర్రాడే. గడువు దాటితే జరిమానా అతని పేరునే పెరుగుతుంది. జీతం ఇవ్వలేదని అక్కడి లేబర్ ఆఫీసుకు వెళ్దామంటే వర్క్ పర్మిట్ లేదు, సంతకం చేసిన కాంట్రాక్టు లేదు. ఈ సంగతి యజమానికి బాగా తెలుసు. అందుకే పాస్‌పోర్టు లాక్కుంటాడు, పద్నాలుగు గంటలు పని చేయిస్తాడు. మన 1967 చట్టం ప్రకారం పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి, దాన్ని దగ్గర పెట్టుకునే హక్కు ఏ కంపెనీకీ లేదు. కానీ కాగితం లేని మనిషి ఆ మాట ఎవరి దగ్గర అనగలడు?

రెండో దారి నెమ్మది. 1983 వలస చట్టం కింద లైసెన్సు తీసుకున్న ఏజెంటు మాత్రమే విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలి. అతని పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉంటుంది, లైసెన్సు నడుస్తోందో రద్దయిందో అక్కడే తెలుస్తుంది. అతను తీసుకోదగ్గ సర్వీసు ఫీజు 30,000 రూపాయలు, జీఎస్టీతో కలిపి 35,400. పది పాస్ కానివాళ్ళు గల్ఫ్, మలేషియా సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి వెళ్ళడానికి మన ప్రభుత్వ అనుమతి, తప్పనిసరి. దాంతోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన వస్తుంది. ప్రమాదంలో చనిపోతే ఇంటికి 10 లక్షలు. ప్రీమియం రెండేళ్ళకు 275 రూపాయలే.

డబ్బు లెక్క చూద్దాం. లక్షన్నర అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి, వడ్డీకే నెలకు మూడు వేలు పోతాయి. రెండో దారిలో మూడు నెలలు ఆగాల్సి వచ్చి, ఆ మూడు నెలలూ ఊళ్ళో నెలకు పదిహేను వేలొచ్చే పని దొరకకపోయినా, పోయేది 45 వేలు. ఫీజు కలిపినా 80 వేల చిల్లర. ఆలస్యమే చవక.

అలాగని రెండో దారిలో మోసం లేదనను. లైసెన్సు ఒకరిది, ఊళ్ళో డబ్బు వసూలు చేసేది ఇంకొకరు. లక్ష తీసుకుని 30 వేలకు రసీదు ఇస్తారు. అందుకే బ్యాంకు ద్వారానే కట్టండి, లైసెన్సు నంబరు రసీదు మీద ఉండాలి. పది పాస్ అయినవాళ్ళకు క్లియరెన్స్ అక్కర్లేదు గనక ఏజెంట్లు వాళ్ళనే ఎక్కువ తేలిగ్గా పంపేస్తారు. చదువుకున్నాం, మనకేం కాదు అనుకోవద్దు. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసులో డేటా ఎంట్రీ ఉద్యోగమని వెళ్ళినవాళ్ళతోనే సైబర్ మోసాలు చేయించారు.

ఇక మూడోది, మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు పట్టుకుని చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్ళడం. దేశం దాటడం లేదు, భాష కొంతైనా తెలుస్తుంది, రైలెక్కి తిరిగి రావచ్చు. విజిట్ వీసా కంటే ఇది వెయ్యిరెట్లు నయం. అయితే 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో పదకొండు అంతస్తుల కట్టడం కూలి 61 మంది చనిపోతే, వాళ్ళలో మన శ్రీకాకుళం, విజయనగరం కూలీలు ఎందరో ఉన్నారు. వెళ్ళేముందు మేస్త్రీ పూర్తి పేరు, అసలు కాంట్రాక్టరు పేరు, సైటు చిరునామా ఇంట్లో రాసిపెట్టండి. అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వకపోతే అది 1976 చట్టం ప్రకారం వెట్టిచాకిరీ. కలెక్టరుకు చెప్పుకోవచ్చు.

కాబట్టి నా మాట ఇది: లైసెన్సు ఏజెంటు దొరికితే గల్ఫ్, దొరికేదాకా మేస్త్రీతో పని. విజిట్ వీసా ఎంత మనోడు తెచ్చినా వద్దు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళ ఇళ్ళలో మరో తర్జనభర్జన ఉంటుంది: ఏజెంటుతో రాజీ పడాలా, కేసు పెట్టాలా? సగం డబ్బు ఇస్తానంటే చాలామంది ఊరుకుంటారు. వాళ్ళ అప్పుల బాధ చూస్తే తప్పుపట్టలేం. కానీ కుర్రాడు ఇంకా అక్కడే ఉంటే రాజీ వద్దు. "ఇష్టపడే వెళ్ళాడు కదా" అని ఏజెంటు అంటాడు. మోసంతో తీసుకెళ్ళి దోపిడీ చేస్తే బాధితుడి సమ్మతి లెక్కలోకి రాదని ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షనే చెబుతోంది, శిక్ష ఏడేళ్ళకు తక్కువ కాదు. స్టేషనుకు వెళ్ళేటప్పుడు వీసా కాపీ, టికెట్, డబ్బు పంపిన బ్యాంకు కాగితం, ఏజెంటు వాట్సాప్ మెసేజీలు తీసుకెళ్ళండి. అదే రోజు కేంద్రం నడిపే మదద్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి, అది నేరుగా అక్కడి మన ఎంబసీకి చేరుతుంది.