40 యూరోల పాసు, మూడేళ్ల ఆదివారాలు

2022లో ఉద్యోగం కోసం లిస్బన్ వచ్చాను, మూడేళ్లు దాటింది. పోర్చుగల్ వస్తున్నామని ఫోన్ చేసే ఫ్రెండ్సందరూ అడిగేది ఒకటే: "నాలుగు రోజులుంటాం, ఏమేం కవర్ చేయొచ్చు?" వాళ్లందరికీ విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి ఇక్కడ రాస్తున్నాను.

ముందు పాసు సంగతి. నావెగాంత్ మెట్రోపొలిటానో అని నెలవారీ కార్డు ఉంటుంది, 40 యూరోలు. లిస్బన్ చుట్టుపక్కల 18 మునిసిపాలిటీల్లో మెట్రో, ట్రాము, బస్సు, లోకల్ రైలు, నదిమీది ఫెర్రీ అన్నీ దాంట్లోనే. సింట్రా, కష్కైష్, సెతూబల్ మూడూ దీని పరిధిలోకే వస్తాయి. మూడేళ్లలో నేను పెట్టిన ఖర్చుల్లో ఇంత గిట్టుబాటైంది ఇంకోటి లేదు. దీని అసలు లాభం డబ్బు కూడా కాదు. రైలెక్కి వెళ్లాక వాన పడుతోందనో, జనం ఎక్కువున్నారనో అనిపిస్తే వచ్చిన రైల్లోనే వెనక్కి వచ్చేయొచ్చు, టికెట్ దండగైందన్న బాధ ఉండదు. అలా సింట్రా స్టేషన్ దాకా వెళ్లి, ఒక కాఫీ తాగి వెనక్కొచ్చిన ఆదివారాలు నాకు మూడో నాలుగో ఉన్నాయి.

ఒక్క మెలిక ఉంది. ఇది ఒకటో తారీఖు నుంచి నెలాఖరు దాకా చెల్లుతుంది, కొన్న రోజునుంచి ముప్పై రోజులు కాదు. ఆ సంగతి తెలియక మొదటిసారి 20వ తారీఖున కట్టి, పదకొండు రోజులకే గేటు దగ్గర ఎర్రలైటు చూసి తెల్లమొహం వేశాను. నాలుగు రోజులకోసం వచ్చేవాళ్లకు ఈ పాసు అక్కర్లేదు. అర యూరోకి మామూలు కార్డు కొని అందులో డబ్బులు వేసుకుంటే చాలు.

ఇక సింట్రా. అందరూ వెళ్తారు, మీరూ వెళ్తారు, వద్దంటే వినరు. లిస్బన్‌లోని రోస్యూ స్టేషన్ నుంచి రైల్లో నలభై నిమిషాలు. కొండమీద ఎరుపూ పసుపూ రంగుల్లో ఉండే పెనా రాజభవనాన్ని ఫెర్నాందో రాజు 19వ శతాబ్దంలో ఒక పాత మఠం శిథిలాల మీద కట్టించాడు. టికెట్ మీద వేసిన టైము ఆ భవనం తలుపు దగ్గరిది, కింద పార్కు గేటు దగ్గరిది కాదు. గేటు నుంచి పైకి ఎక్కడానికే అరగంట పడుతుంది, స్టేషన్ నుంచి గేటు దాకా వచ్చే బస్సు కోసం క్యూ వేరే. ఈ లెక్క తెలియనివాళ్లు లోపల చూడకుండానే తిరిగి వెళ్లడం నేను చాలాసార్లు చూశాను. వెళ్తే పొద్దున్నే మొదటి స్లాటుకే వెళ్లండి, లేదంటే మానేయండి.

ఇంకో సంగతి, లిస్బన్‌లో ఎండ మాడుతున్నా సింట్రా కొండమీద పొగమంచు ఉండొచ్చు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు నేను ఎంతో గొప్పగా తీసుకెళ్తే, భవనం గోడ పది అడుగుల దూరంలో ఉన్నా కనబడలేదు. "ఒరే, ఇంత దూరం తీసుకొచ్చి లంబసింగి చూపిస్తున్నావేంట్రా" అన్నారు నాన్న. ఫొటోల్లో ముగ్గురం తెల్లటి గోడ ముందు నిలబడ్డట్టే ఉంటాం.

నా ఓటు మాత్రం మొన్సెర్రాత్ తోటకే. అదే సింట్రాలో, ఊరికి కొంచెం ఎడంగా ఉంటుంది, జనం పల్చగా ఉంటారు. తోటలో ఒకచోట మన దేశం నుంచి తెచ్చి నిలబెట్టిన రాతి తోరణం ఉంది. చుట్టూ ఫెర్న్ మొక్కలు, నాచు పట్టిన చెక్కడాలు. మనింటి వస్తువు ఎవరి పెరట్లోనో కనబడ్డట్టుంటుంది. అమ్మ దాని స్తంభాన్ని తడిమి చూసి ఏమీ అనకుండా కాసేపు అక్కడే నిలబడింది.

కష్కైష్ రైలెక్కితే ఎడమవైపు కూర్చోండి, నదీ ఆ తర్వాత సముద్రమూ కిటికీ పక్కనే వస్తాయి. ఊరు బాగుంటుంది, అంతకన్నా చెప్పడానికి ఏం లేదు. నీళ్లు మాత్రం ఆగస్టులో కూడా చల్లగా కొడతాయి, వైజాగ్ బీచిని ఊహించుకుని దిగితే కెవ్వుమంటారు.

టైము ఒక్కరోజే ఉంది, ఎక్కడికెళ్లాలి అంటే నేను సెతూబల్ అంటాను, ఎవరూ నమ్మరు. రైలు ఏప్రిల్ 25 వంతెన మీదుగా వెళ్తుంది. పైన కార్లు, కింద అంతస్తులో మన రైలు, ఇంకా కింద తేజు నది. 1966లో కట్టినప్పుడు ఆ వంతెనకు నియంత సలజార్ పేరుండేది, 1974 విప్లవం తర్వాత మార్చారు. సెతూబల్‌లో లివ్రమెంతు మార్కెట్ గోడంతా నీలం పెంకులు, దాని ముందు మంచులో పరిచిన చేపలు, చేపలమ్మేవాళ్ల నిలువెత్తు బొమ్మలు. సోమవారం మూసేస్తారు, చూసుకోండి. షోకు ఫ్రీతు అని కటిల్‌ఫిష్‌ని ముక్కలు చేసి వేయిస్తారు. నిమ్మకాయ పిండుకుని, వెంట తీసుకెళ్లిన కారం చల్లుకుని తింటే అద్భుతం. మిరపకాయను మన దేశానికి ఓడల్లో మోసుకొచ్చిన జనం తమ వంటలో మాత్రం కారం ఎందుకింత పిసినారిగా వాడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తిండి గురించి హెచ్చరిక: హోటల్లో కూర్చోగానే అడక్కుండానే రొట్టె, ఆలివ్‌లు, చీజు తెచ్చి పెడతారు. ఉచితమనుకుని మొదటిసారి ఒక చోట మొత్తం లాగించాం, బిల్లులో పదకొండు యూరోలు పడింది. వద్దంటే తీసుకెళ్లిపోతారు, మొహమాటం అక్కర్లేదు. శాకాహారులకు కొంచెం కష్టమే, ఆకుకూర సూపులో కూడా సాసేజి ముక్క తేలుతుంది, ముందే అడగాలి. అన్నం మాత్రం ఎక్కడైనా దొరుకుతుంది, వీళ్లూ అన్నం తినే జనమే. కందిపప్పు, చింతపండు కావాలంటే లిస్బన్‌లోని మార్తిం మొనీజ్ వైపు వెళ్లండి.

ఎవొరా అనే ఊరు మాత్రం మన పాసు పరిధిలో లేదు, వేరే టికెట్, గంటన్నర ప్రయాణం. రోమన్ల గుడి స్తంభాలు, మనుషుల ఎముకలతో గోడలు కట్టిన ప్రార్థనామందిరం ఉన్నాయి. దాని వాకిలి మీద "ఇక్కడున్న ఎముకలం మేము, మీ ఎముకల కోసం ఎదురుచూస్తున్నాం" అని రాసుంటుంది. జూలైలో వెళ్లకండి, మన రెంటచింతల ఎండే.

లిస్బన్‌లో 28వ నంబరు ట్రాము ఎక్కేటప్పుడు ఫోను జేబులో పెట్టుకోవద్దు. నాది పోయింది, అందుకే చెప్తున్నా. చెప్పులు కూడా చూసుకుని వేసుకోండి. ఇక్కడి ఫుట్‌పాత్‌లు తెల్లటి సున్నపురాయి ముక్కలతో పేర్చినవి, అరిగి అరిగి అద్దంలా ఉంటాయి, నాలుగు చినుకులు పడితే చాలు జారుడే.

అమ్మకు బాగా నచ్చినవి రెండు. ఒకటి సూపర్ మార్కెట్. బాల్చీ, బొత్తాం, తువాలు, మేస్త్రి అన్నీ పోర్చుగీసు భాషనుంచే వచ్చాయని చెప్పాక, ప్రతి అరలోనూ పేర్లు కూడబలుక్కుని చదివేది. రెండోది కసీల్యష్ ఫెర్రీ. కైష్ దు సొద్రే రేవు నుంచి అవతలి ఒడ్డుకు పది నిమిషాలే. సాయంత్రం ఎక్కితే వెనక ఊరంతా కొండలమీద మెట్లుమెట్లుగా ఎర్రబడి కనిపిస్తుంది. నాన్న రెయిలింగు పట్టుకుని "ఇది మన సఖినేటిపల్లి రేవులో పంటే కదరా" అన్నారు. అవతల దిగగానే అమ్మ, దిగకుండా ఇలాగే కూర్చుని మళ్లీ వెళ్లకూడదా అని అడిగింది. కుదరదు, దిగి, చుట్టూ తిరిగొచ్చి, మళ్లీ కార్డు చూపించి ఎక్కాలి. ఎక్కాం, రెండుసార్లు.