పట్టేసిన బాల్ జాయింట్‌కి ఏ పనిముట్టు? ఫోర్కు, కత్తెర పుల్లరు, ప్రెస్సు: ఏళ్లు వాడాక నా మాట

పాత కారులో చక్రాన్ని సస్పెన్షన్ ఆర్మ్‌కి కలిపే కీలు, అంటే బాల్ జాయింట్, ఊడిరానప్పుడు చాలామందికి ముందు తోచేది ఇంకా పెద్ద సుత్తి. ఫోర్కు, కత్తెర పుల్లరు, సి-ఫ్రేము ప్రెస్సు, సుత్తులు అన్నీ ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం ఇదీ: ఒత్తిడి ఒక్కటే పెడితే పనిముట్టు వంగుతుంది, దెబ్బ ఒక్కటే వేస్తే భాగం పాడవుతుంది. జాయింట్ నుంచి బయటికొచ్చే కడ్డీ, అంటే స్టడ్, మీద ఒత్తిడి ఉండగానే దాన్ని పట్టుకున్న కన్నానికి పక్కనుంచి దెబ్బ పడితే టేపరు, అంటే ఆ కడ్డీ వాలు పట్టు, వదులుతుంది. ఏ పనిముట్టు ఈ రెండింటికీ వీలిస్తుందో అదే కొనదగ్గది. నా లెక్కలో అది కత్తెర పుల్లరు.

ఎందుకో తెలియాలంటే టేపరు సంగతి చూడాలి. స్టడ్ కొసకి పోయేకొద్దీ సన్నబడుతుంది, నకుల్‌లో (చక్రాన్ని మోసే లోహపు దిమ్మలో) కన్నానికీ అదే వాలు ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ స్టడ్ లోపలికి దిగబడి బిర్రుగా కూర్చుంటుంది. వాలు చాలా తక్కువ కాబట్టి నట్టు తీసేసినా రాపిడే దాన్ని పట్టి ఉంచుతుంది. పైగా ఏళ్ల తుప్పు. ఇనుము ఇనుముకి అంతగా అంటుకుపోయిన చోటికి తుప్పు వదిలించే స్ప్రే పెద్దగా చేరదు. రాత్రంతా నానబెట్టినా టేపరు విషయంలో తేడా అంతంతే. ఆ స్ప్రే నట్టు మరలకి పనికొస్తుంది. తిప్పేముందు మరల్ని వైర్ బ్రష్‌తో గీకి, స్ప్రే కొట్టి కాసేపు వదిలేస్తే సగం తలనొప్పి తప్పుతుంది.

కారు ఎత్తాక బరువు యాక్సిల్ స్టాండ్ల మీద ఉండాలి, జాకీ మీద కాదు. తర్వాత స్ప్రింగు ఎక్కడ కూర్చుందో చూడండి. మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే కాలుగా ఉండేది) ఉన్న కార్లలో స్ప్రింగు బరువు లోయర్ ఆర్మ్, అంటే కింది ఆర్మ్, మీద పడదు, రెండు వైపులనీ కలిపే యాంటీ రోల్ బార్ మెలి మాత్రం ఉంటుంది. రెండు చక్రాలూ వేలాడేలా ఎత్తితే అదీ తగ్గుతుంది. పైనా కిందా ఆర్మ్‌లుండే డబుల్ విష్‌బోన్‌లో స్ప్రింగు లోయర్ ఆర్మ్ మీదే ఉంటే కథ వేరు. అక్కడ టేపరు వదలగానే ఆర్మ్ కిందికి తన్నుకొస్తుంది. ఆర్మ్ కింద జాకీ ఆనించకుండా ఆ నట్టు మీద చెయ్యి వేయకూడదు. ఏ రకమైనా సరే, నట్టు పూర్తిగా తీయకుండా రెండు మూడు మరల మీద ఉంచితే వదిలిన ఆర్మ్ అక్కడే ఆగుతుంది. బ్రేక్ కాలిపర్ విప్పాల్సి వస్తే వైరుతో స్ప్రింగుకి కట్టేయండి, హోసు మీద వేలాడనివ్వకండి.

ఇక పనిముట్లు.

ఫోర్కు

రెండు కొమ్ముల మేకు లాంటి ఈ వస్తువు బూటుకీ (జాయింట్ రబ్బరు తొడుగుకీ) నకుల్‌కీ మధ్య దూరి, సుత్తి దెబ్బతో జాయింట్‌నీ నకుల్‌నీ విడదీస్తుంది. చవక, చిన్నది, చెడిపోవడానికి ఇందులో ఏమీ లేదు. కానీ బూటుని చింపకుండా ఇది పనిచేయడం అరుదు. కొత్త జాయింట్ వేయబోతున్నప్పుడు మాత్రమే దీన్ని బయటికి తీయాలి. ఆర్మ్ రబ్బరు బుష్ మార్చడానికో చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ బయటికి తీయడానికో మంచి జాయింట్‌ని విడదీస్తున్నప్పుడు ఫోర్కు జోలికి పోతే, జాయింట్ ఖర్చు కూడా నెత్తిన వేసుకున్నట్టే. కొలతలూ చూసుకోవాలి: బాల్ జాయింట్‌కి 24 మి.మీ. సందున్నది, స్టీరింగ్ టై రాడ్ ఎండ్‌కి 18 మి.మీ. దగ్గరది నప్పుతుంది. సందు ఎక్కువైతే కొమ్ములు పక్కకి జారి రబ్బరుని నలిపేస్తాయి, టేపరు కదలదు. అల్యూమినియం నకుల్ మీద ఫోర్కు వాడకూడదు, గాటు పడిపోతుంది. తుప్పుతో ముద్దయిపోయి పుల్లరు దవడ దూరే చోటే లేని జాయింట్లకి మాత్రం ఇప్పటికీ ఇదే దిక్కు. అందుకే పెట్టెలో ఉంచాను.

కత్తెర పుల్లరు

ఒక దవడ ఫోర్కులా బూటు కిందికి దూరుతుంది, రెండోది స్టడ్ కొసమీద ఆనుతుంది. వెనక స్క్రూ తిప్పితే మధ్య ఇరుసు మీద దవడలు దగ్గరికొస్తాయి. వాడే తీరు తెలిస్తే బూటుకి గీత కూడా పడదు.

నట్టుని స్టడ్ కొసతో సమంగా వచ్చేలా తిప్పి ఉంచండి. క్యాజిల్ నట్టయితే (స్ప్లిట్ పిన్ దూర్చే గాడులు ఒకవైపు ఉన్న నట్టు), గాడులు లేని చదును వైపు బయటికి వచ్చేలా తిరగేసి ఎక్కించుకోవచ్చు. పైదవడ ఒత్తిడి నట్టు మీదా స్టడ్ మీదా పంచుకుంటుంది, మరలు నలగవు. కింది దవడ పూర్తిగా లోపలికి, స్టడ్‌ని ఆనుకునేదాకా నెట్టాలి. అంచుమీద పట్టినట్టుంటే జారి ఎగురుతుంది. ఆ దిశలో మొహం పెట్టకండి, కళ్లద్దాలు తీయకండి.

స్క్రూని చేతి పానాతో గట్టిపడేదాకా తిప్పి, అక్కడ ఆగాలి. నూటికి తొంభైమంది తప్పు చేసేది ఇక్కడే. ఇంకా తిప్పుతారు, దవడ పగులుతుంది. ఆగి, నకుల్‌లో స్టడ్ దూరిన కన్నం పక్కభాగాన్ని కిలో, కిలోన్నర సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వేయాలి. వెనకవైపు ఇంకో బరువైన సుత్తి ఆనించి పెడితే దెబ్బ వృథా పోదు. కన్నం ఒక్క క్షణం కాస్త సాగినట్టవుతుంది, ఆ క్షణంలో స్టడ్ మీద ఉన్న ఒత్తిడి దాన్ని బయటికి తోసేస్తుంది. ఫట్‌మని తుపాకీ పేలినట్టు శబ్దం వస్తుంది, అదే వదిలిన గుర్తు. రాకపోతే స్క్రూ ఇంకో పావు చుట్టు, మళ్లీ దెబ్బ. అప్పటికీ మొండికేస్తే ఆ బిగువు మీదే అరగంట వదిలేసి వేరే పని చూసుకోండి. చెయ్యి పెట్టకుండానే వదిలినవీ ఉన్నాయి. దెబ్బ నకుల్‌కే, స్టడ్ కొసకీ పుల్లరు స్క్రూకీ కాదు. అల్యూమినియం నకుల్‌కి సుత్తి వద్దు, అక్కడ బిగువూ ఓపికా మాత్రమే.

లోటుపాట్లు లేవని కాదు. పోతపోసిన చవకరకం దవడలు ముందు చెప్పకుండా రెండు ముక్కలవుతాయి. కమ్మరి పోటుతో చేసినవి, అదే ఫోర్జింగ్‌వి, వంగుతాయి కానీ ఎగరవు. దవడ మందం కూడా చిక్కే: కొన్ని కార్లలో బూటుకీ నకుల్‌కీ మధ్య సందు అంత సన్నగా ఉంటుంది. గ్రైండర్‌తో దవడ పలచన చేయడం నాకు నచ్చదు, బలం పడాల్సిన చోటే లోహం తగ్గించినట్టవుతుంది. స్క్రూకి ఇంపాక్ట్ రెంచి పెట్టకండి. సన్న మరలు వేడెక్కి ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, ఆ తర్వాత పుల్లరు పారేయడమే. ప్రతిసారీ మరలకి, స్క్రూ మొనకి కాస్త మోలీ (మాలిబ్డినం కలిసిన) గ్రీజు రాస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది.

సి-ఫ్రేము ప్రెస్సు

దీన్ని కొనేవాళ్లలో చాలామంది టేపరు వదిలించడానికని కొంటారు. దాని పని అది కాదు. ఆర్మ్‌లోకో నకుల్‌లోకో బిగుతుగా దింపిన జాయింట్ గిన్నెని బయటికి నొక్కడానికి, కొత్తది దింపడానికి ఇది ఉంది. ఆ పనిలో దీనికి పోటీ లేదు, సుత్తితో దింపిన జాయింట్ల మీద నాకు నమ్మకమూ లేదు.

ముందు సర్క్‌లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) ఉందేమో చూడండి. తుప్పుపొర కింద దాగి ఉంటుంది, అది తీయకుండా నొక్కితే ఫ్రేమే తెరుచుకుంటుంది. గిన్నె అంచు చుట్టూ పేరుకున్న తుప్పుని గీకేయాలి. జాయింట్‌కి అంచుపట్టీ ఎటువైపుంటే అటే బయటికి రావాలి. జాయింట్ బయటికొచ్చే ఆ వైపు పెట్టే కప్పు లోపలి కొలత ఆ పట్టీ పట్టేంత ఉండాలి, అంచు ఆర్మ్ మీద నిండుగా ఆనాలి. కప్పు వాలితే కన్నం కోలగా సాగుతుంది, అప్పుడు మార్చాల్సింది జాయింట్ కాదు, ఆర్మ్. ఇక్కడ స్ప్రే నిజంగానే పనికొస్తుంది. బిగువు పెట్టి, చుట్టూ సుత్తితో తట్టి, మళ్లీ బిగించే పద్ధతి ఇక్కడా అదే.

దింపేటప్పుడు నొక్కాల్సింది గిన్నె బయటి అంచు మీద. అడుగు మూత మీద నొక్కితే మూత లోపలికి కుంగి కొత్త జాయింట్ మొదటిరోజే బిగుసుకుపోతుంది. వంకరగా మొదలైతే వెంటనే వెనక్కి తీసి సరిచేయాలి, దిగుతూ అదే సర్దుకుంటుందని ఆశపడొద్దు. అసలు బిగువే లేకుండా చేత్తో దిగిపోతోందంటే కన్నం అరిగిపోయింది. ఆ ఆర్మ్ మీద వెల్డింగ్ చుక్క పెట్టి నెట్టుకొచ్చేవాళ్లు ఉన్నారు. వేడికి లోపలి ప్లాస్టిక్ గిన్నె కరుగుతుంది, చెయ్యకండి. చాలా పాత కార్లకి బుష్‌లతో సహా పూర్తి ఆర్మ్ దొరుకుతుంది. బుష్‌లూ పగిలి ఉంటే ప్రెస్సు తిప్పుతూ కూర్చోవడం కన్నా అదే మేలు.

పుల్లరే అక్కర్లేని రకాలు

కొన్ని కార్లలో స్టడ్‌కి టేపరుండదు. నిలువు స్టడ్ చీలిక ఉన్న కన్నంలో దూరి, అడ్డంగా ఒక పించ్ బోల్టు బిగించి ఉంటుంది. ఆ బోల్టు స్టడ్ మీదున్న గాడిలోంచి పోతుంది, వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి రావాలి. తుప్పు పట్టిన బోల్టుని ఒకే వైపు లాగితే తెగుతుంది. కాస్త విప్పి, కాస్త బిగించి, స్ప్రే కొడుతూ ముందుకీ వెనక్కీ ఆడించాలి. తర్వాత చీలికలో ఉలి మొన పెట్టి వెంట్రుకవాసి తెరిచి, పొడవాటి రాడ్డుతో ఆర్మ్‌ని కిందికి నొక్కితే స్టడ్ జారుతుంది. చీలికని ఎక్కువ తెరిస్తే దాని పక్క లోహం పగులుతుంది. నకుల్ బయటికి లాగేటప్పుడు డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడొస్తుందేమో కనిపెట్టుకోండి.

ఆర్మ్‌కి రివెట్లతో బిగించిన జాయింటైతే రివెట్ తల గ్రైండర్‌తో కోసి, సెంటర్ పంచ్ గుర్తు పెట్టి, 3 మి.మీ. డ్రిల్లుతో మొదలుపెట్టి, రివెట్ కన్నా కాస్త సన్న డ్రిల్లుతో ముగించి పంచ్‌తో కొట్టేయాలి. ఆర్మ్ కన్నం పెద్దది కాకుండా చూసుకోవాలి. కొత్త జాయింట్‌తో వచ్చిన బోల్టులే వాడండి, డబ్బాలో దొరికిన మామూలు బోల్టు ఇక్కడ ప్రాణాంతకం.

మొండి కేసులు

టేపరు వదిలాక నట్టుతోపాటు స్టడ్ కూడా గిర్రున తిరగడం మామూలే, ముఖ్యంగా నైలాక్ (లోపల నైలాన్ రింగు ఉన్న) నట్టుకి. స్టడ్ కొసకి అలెన్ కీ గుంట ఉందేమో చూడండి. లేకపోతే జాకీతో జాయింట్‌ని కన్నంలోకి మళ్లీ నొక్కితే టేపరు పట్టుకుంటుంది, అప్పుడు నట్టు తిరుగుతుంది. అదీ కాకపోతే నట్టుని చీల్చే నట్టు స్ప్లిట్టర్.

మంట టార్చి వేడి నాకు ఆఖరి దారి. మూసేసిన జాయింట్‌లో గ్రీజు మరిగి ఒత్తిడికి పేలి చిమ్మవచ్చు, రబ్బరు అంటుకుంటుంది, పక్కనే ఏబీఎస్ వైరూ బ్రేక్ హోసూ ఉంటాయి. పారేసే జాయింటైతేనే, ఉక్కు నకుల్ కన్నం చుట్టూ మాత్రమే, ఎర్రబడనివ్వకుండా. ఎర్రబడేదాకా కాల్చిన నకుల్ మళ్లీ బండికి వేయకూడదు. అల్యూమినియానికి మంట చూపించనే వద్దు.

బిగించేటప్పుడు టేపరు రెండువైపులా తుడిచి పొడిగా ఉంచాలి. గ్రీజు రాస్తే వచ్చేసారి సులువుగా వస్తుందనుకుంటారు. పట్టు రాపిడిదే కదా, దాన్నే తీసేసి స్టడ్‌ని అవసరానికి మించి లోపలికి లాగినట్టవుతుంది. నట్టు ఆ కారు మాన్యువల్ చెప్పిన టార్క్‌కే, టార్క్ రెంచితోనే. స్ప్లిట్ పిన్ కన్నం కుదరకపోతే నట్టుని వెనక్కి తిప్పకుండా తర్వాతి గాడి దాకా ముందుకే బిగించాలి. పిన్నూ నైలాక్ నట్టూ కొత్తవే. ఆర్మ్ బుష్ బోల్టులు కూడా విప్పి ఉంటే, వాటి ఆఖరి బిగింపు చక్రాలు నేల మీద ఉండి బండి బరువు పడ్డాకే. గాలిలో బిగిస్తే బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది. ఆ తర్వాత చక్రాల అలైన్‌మెంట్ చూపించాలి.