వీణ ఫైబర్ పెట్టె: ఆరేళ్ళు విమానాల్లో తిప్పాక నా మాట

2019లో చెన్నైలో 14 వేలు పెట్టి చేయించుకున్న పెట్టె ఇది. ఇప్పటికి ముప్పైకి పైగానే విమానాలెక్కింది, అందులో రెండుసార్లు అమెరికా. హన్మకొండలో నా దగ్గర నేర్చుకునే పిల్లల తల్లులు కొనమంటారా మేడం అని అడుగుతూనే ఉంటారు, అందుకే రాస్తున్నా. కొనండి. కానీ పెట్టె ఉంది కదా, ఇంక వీణకేం కాదులే అనుకుంటే మాత్రం నాలాగే ఏడుస్తారు.

నాది బొబ్బిలి వీణ, ఒకే పనస మొద్దులోంచి చెక్కిన ఏకాండి. విప్పి రెండు ముక్కలు చేసుకునే వీణలు ఇప్పుడు దొరుకుతున్నాయి, ప్రయాణానికి అవే హాయి, కానీ ఇరవై ఏళ్ళుగా చేతికి అలవాటైన దాన్ని పక్కన పెట్టడం నావల్ల కాలేదు. పెట్టెతో కలిపి 17 కిలోలు. మన దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్టుకు చాలావరకు 15 కిలోలే ఉచితం, అంటే వీణ ఒక్కటే హద్దు దాటేస్తుంది, నా చీరలన్నీ చేతిసంచిలోకే. పొడవూ తంటానే. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదని చాలా విమానసంస్థల లెక్క, ఈ పెట్టె పొడవే 140. అందుకని ప్రతిసారీ టేపు పెట్టి కొలవడం, డబ్బు కట్టించుకోవడం, పెద్ద సామాన్ల బెల్టు దగ్గరికి పంపడం. దీనికే అరగంట పోతుంది. జనగామ, భువనగిరి మీదుగా ఘట్‌కేసర్‌లో రింగురోడ్డెక్కి శంషాబాద్ చేరేసరికే సగం అలసిపోయి ఉంటాం. మా వరంగల్ పక్కనే మామునూరులో 1981లో ఆగిన విమానాలు మళ్ళీ ఎగురుతాయట, ఆ మాట వింటూనే నాకు జుట్టు నెరిసింది.

ఇక అసలు దెబ్బ. 2022 మే నెల, ఢిల్లీ నుంచి తిరుగు ప్రయాణం. బెల్టు మీద పెట్టె బోర్లా వచ్చింది. పైన గీత కూడా లేదు కదా అని అక్కడ తెరవకుండా ఇంటికి తెచ్చుకున్నాను, అదే నా పెద్ద తప్పు. ఇంట్లో తెరిస్తే బుర్ర, అంటే వీణ దండి (పొడవాటి కాడ) కింద విడిగా బిగించే గుండ్రటి డొల్ల, మెడ దగ్గర సన్నగా పగిలింది, తీగను నొక్కి పట్టే లోహపు మెట్లు మూడు పక్కకు ఒరిగాయి. మెట్లు నిలబడేది మైనంలో. నల్ల పెట్టె, మే ఎండ, విమానం పక్కన కాంక్రీటు మీద ఎంతసేపు ఉంచారో మరి, మైనం మెత్తబడిపోయింది. విమానసంస్థకు ఫోన్ చేసి అడిగితే ఎక్కేటప్పుడు నేను సంతకం పెట్టిన ట్యాగు గుర్తుచేశారు. పెళుసు వస్తువు, దెబ్బ తగిలితే మా పూచీ కాదు అని అందులో చిన్న అక్షరాల్లో ఉంటుంది, మనమేమో ఫ్రజైల్ స్టిక్కర్ అంటించారని సంబరపడతాం. పైసా రాలేదు. అప్పట్నుంచి బెల్టు పక్కనే తెరిచి చూసి, తేడా ఉంటే అక్కడే కాగితం రాయించుకుంటున్నాను.

ఆ తర్వాత చాలా మార్చాను. మర తిప్పి బుర్ర విప్పేసి నాతోనే లోపలికి తీసుకెళ్తాను. వరంగల్ చౌరస్తాలో దర్జీతో తెల్ల కాన్వాసు తొడుగు కుట్టించాను, ఎండకు ఇదే పెద్ద తేడా. దండి కింద, చివరన చెక్కిన యాళి (సింహంలాంటి జంతువు) ముఖం చుట్టూ ఖాళీ లేకుండా పాత నూలు చీరలు కూరుతాను, పెట్టెతో వచ్చిన స్పాంజి ఏడాదికే అణిగిపోయింది. తీగలు రెండు మూడు స్వరాలు దించుతాను, అంతే. మొత్తం వదిలేస్తే తీగలను మోసే గుర్రం (బ్రిడ్జి) జరిగిపోతుంది, కచేరీకి గంట ముందు దాన్ని సరిచేసే టెన్షన్ ఎవరికి కావాలి.

పెట్టెలో మంచి? నాలుగు క్లిప్పులూ ఇప్పటికీ టక్కున పడతాయి. చెడ్డ? పిడి ఒకవైపే ఉంది. చక్రాలు రెండో ఏడే పోయాయి, సూట్‌కేసులు బాగుచేసే అతను 400 తీసుకుని వేరేవి వేశాడు, అవే నయం.

ఒకసారి వీణకు పక్క సీటు కూడా కొన్నాను, మెత్తటి సంచిలో కిటికీ పక్కన కూర్చోబెట్టి బెల్టు వేశారు. ముందే ఫోన్ చేసి ఒప్పించుకోవాలి, టికెట్టు డబ్బు రెట్టింపు. అమెరికా సంస్థలకైతే 2015 నుంచి దీనిమీద నియమమే ఉంది, కొలతలు సరిపోతే సీటు అమ్మాలి, బరువు 75 కిలోలదాకా పర్వాలేదు. చెన్నైకి మాత్రం ఇవేవీ వద్దు, వరంగల్‌లో రైలెక్కితే పెట్టె కళ్ళ ముందే ఉంటుంది.

తాళం మాత్రం వేయకండి, తనిఖీలో తెరవమంటారు. ఎక్స్‌రేలో 24 లోహపు మెట్లు వరసగా కనబడేసరికి మొన్న ఒక కుర్రాడు పిలిచి, ఏంది మేడం ఇది, జర వాయించి చూపిస్తరా అన్నాడు. తీగలు దించేసి ఉన్నాయన్న సంగతి మీటాక గుర్తొచ్చింది. ముఖ్యంగా వాయించే సారణి తీగ దబ్‌మని మోగింది, నాకు తల తీసేసినట్టయింది. మస్తుంది మేడం అని క్లిప్పులు తనే పెట్టేశాడు.